ఒంటెనా గుర్రమా? ముందు బంట్లను చూడాలి

మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి లాంటి ఊళ్లలో ఆదివారం పూట ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే) చదరంగం టోర్నమెంట్ జరిగితే, రౌండ్ ముగించుకుని బయటికొచ్చే పిల్లల నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఒంటెనిచ్చి గుర్రాన్ని తీసుకున్న, సమానమే కద సార్!" పాయింట్ల లెక్క చూస్తే అందులో తప్పేం లేదు. మొదటి వారంలోనే నేర్పే పట్టిక ప్రకారం బంటుకు 1, గుర్రానికి 3, ఒంటెకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9. కానీ ఓడిపోయిన ఆటను వెనక్కి తిప్పి చూస్తే, చాలాసార్లు ఓటమికి బీజం ఆ 'సమానమైన' మార్పిడిలోనే దొరుకుతుంది. పన్నెండో ఎత్తులో ఆలోచించకుండా ఇచ్చేసిన ఒంటె విలువ నలభయ్యో ఎత్తులో తెలిసొస్తుంది. అప్పటికి గడియారంలో రెండు నిమిషాలే మిగిలి ఉంటాయి.

శకటు అని పుస్తకాల్లో, బిషప్ అని కోచింగ్‌లో పిలిచే పావునే ఇక్కడ ఒంటె అంటున్నాం. అది ఐమూలగా ఎంత దూరమైనా పోతుంది. గుర్రం రెండు గళ్లు నేరుగా, ఒక గడి పక్కకు దూకుతుంది, మధ్యలో ఎవరున్నా దాటిపోతుంది. ఈ రెంటికీ ఒకే ధర ఎలా వచ్చిందో, ఆ ధర ఎప్పుడు నిజమో ఎప్పుడు కాదో చూడాలి.

మొదట ఖాళీ బల్ల మీద లెక్కేద్దాం. నిలువు వరసలకు ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకు 1 నుంచి 8 దాకా అంకెలు, ఆ రెండూ కలిపితే గడి పేరు. మూలలో, అంటే ఏ1లో గుర్రం ఉంటే దానికి రెండే దారులు. అంచు మీద మూడో నాలుగో. నడిబల్ల మీద, సి3 నుంచి ఎఫ్6 దాకా ఉన్న పదహారు గళ్లలో ఎక్కడున్నా ఎనిమిది. అరవై నాలుగు గళ్లకూ కలిపి సగటు తీస్తే 5.25. ఒంటెకు అంచు మీద ఎక్కడున్నా ఏడు గళ్లు అందుతాయి, నట్టనడుమ ఉన్న నాలుగు గళ్లలో పదమూడు. సగటు 8.75. అంటే మూలన పడేసిన ఒంటెకు కూడా మంచి చోట ఉన్న గుర్రానికి దాదాపు సమానంగా గళ్లు అందుతాయి. ఏ1 నుంచి హెచ్8కు ఒంటె ఒక్క ఎత్తులో పోతుంది, గుర్రానికి ఆరు ఎత్తులు పడతాయి.

ఈ లెక్క ఇక్కడే ఆపేస్తే ఒంటె ఎంతో గొప్పదని తేల్చేయొచ్చు. కానీ ఒంటెకు పుట్టుకతో వచ్చిన లోటు ఒకటుంది. తెల్ల గళ్ల ఒంటె ఆట అయిపోయేదాకా తెల్ల గళ్లలోనే తిరుగుతుంది. మిగతా ముప్పై రెండు గళ్లలో ఏం జరిగినా దానికి సంబంధం లేదు. పక్క గడిలో ప్రత్యర్థి రాజు తీరిగ్గా కూర్చున్నా ఏమీ చేయలేదు. గుర్రం ఎత్తు ఎత్తుకూ రంగు మారుస్తుంది, ఓపిక ఉంటే బల్ల మీద ప్రతి గడినీ తొక్కగలదు. మన కవులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తొమ్మిదో శతాబ్దపు రుద్రటుడి కావ్యాలంకారంలోనే తురగపద బంధం ఉంది: ముప్పై రెండు అక్షరాల శ్లోకాన్ని సగం బల్ల మీద పరిచి, గుర్రం నడక ప్రకారం చదివినా శ్లోకం చెడకుండా రాశారు. అష్టావధానంలో పూర్వం చదరంగం కూడా ఒక అంశం. 'విద్వద్గద్వాల' అని పేరు తెచ్చుకున్న గద్వాల సంస్థానం ఈ నేల మీదిదే. కవులను, అవధానులను ఆదరించిన సంస్థానాలున్న ప్రాంతంలో ఈ ఆట గురించి శ్రద్ధగా మాట్లాడుకోవడం కొత్తేమీ కాదు.

గుర్రం నడక వందల ఏళ్లుగా మారలేదు. ఒంటె ఇప్పుడున్నంత బలంగా మొదటి నుంచీ లేదు. పాత అరబ్బు, పారశీక చదరంగంలో ఆ చోట నిలబడ్డ పావు ఐమూలగా సరిగ్గా రెండో గడికి మాత్రమే దూకేది. ఆట మొత్తంలో దానికి అందేవి ఎనిమిది గళ్లే. అప్పట్లో గుర్రం ముందు అది ఎందుకూ కొరగాదు. పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్‌లో నియమాలు మారి, ఒంటెకు బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా దారి తెరిచారు. ఒంటెకూ గుర్రానికీ మధ్య అసలు పోటీ అప్పుడే మొదలైంది.

ఒంటె హైవే మీద పోయే బస్సులాంటిది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు రోడ్డు ఖాళీగా ఉంటే చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట చకచకా దాటుకుంటూ పోతుంది. రోడ్డుకు అడ్డంగా ఒక్క లారీ ఆగిందంటే మాత్రం దాని వేగం మొత్తం వృథా. ఆ లారీలే బంట్లు. ఒంటె బలం ఒంటెలో లేదు, దాని దారిలో ఉన్న బంట్లలో ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. ఒంటెనివ్వాలా గుర్రాన్నివ్వాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆ రెండు పావుల వంక చూడటం కంటే ముందు పదహారు బంట్ల వంక చూడాలి. ఏ బంట్లు ఎదురెదురుగా ఇరుక్కుపోయి ఇక కదలవు? ఏవి మార్పిడి అయిపోయి దారి తెరుచుకుంటుంది? ఇరుక్కున్న బంట్లు ఏ రంగు గళ్ల మీద ఉన్నాయి? ఈ మూడింటికీ జవాబు దొరికితే మార్పిడి సంగతి దానంతటదే తేలుతుంది.

నల్లపావులతో ఆట మొదలుపెట్టే ఒక పద్ధతి ఫ్రెంచ్ డిఫెన్స్. అది ఆడే పిల్లలకు ఇది అనుభవంలో ఉన్న బాధే. నల్లపావుల వాళ్లు ఇ6, డి5 గళ్లలో బంట్లు పెడతారు. ఆ రెండూ తెల్ల గళ్లు. తెల్లపావుల వాళ్లు బంటును ఇ5కు తోస్తే, ఇ6 బంటు అక్కడే చిక్కుకుపోతుంది. సి8లో ఉన్న నల్ల ఒంటె తెల్ల గళ్లది. దాని ముందు సొంత బంట్లే గోడ కట్టాయి. ఇరవై ఎత్తులు గడిచినా అది డి7 దాటదు. దాన్నే 'చెడ్డ ఒంటె' అంటారు. పాయింట్ల పట్టికలో దానికీ మూడే, కానీ బల్ల మీద అది పొడుగాటి బంటు కింద లెక్క. ఇలాంటి ఒంటెను ప్రత్యర్థి గుర్రానికి మార్చుకోగలిగితే కళ్లు మూసుకుని మార్చుకోవచ్చు.

అవతలి వైపు నుంచి చూసినప్పుడు మాత్రం లెక్క ఇంకొంచెం లోతుకు పోతుంది. 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఫిషర్, పెట్రోసియన్‌ల క్యాండిడేట్స్ ఫైనల్ (ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే మ్యాచ్) ఏడో ఆట. ఫిషర్ గుర్రం సి5లో రాజాలాగా కూర్చుంది. నల్లపావులతో ఆడుతున్న పెట్రోసియన్ ఒంటె డి7లో ఏ పనీ లేకుండా నిలబడి ఉంది. అంత మంచి గుర్రాన్ని ఎవరైనా అక్కడే ఉంచి, చుట్టూ మిగతా పావులతో ఆట నడిపిస్తారు. ఫిషర్ ఇరవై రెండో ఎత్తులో ఆ గుర్రంతో వెళ్లి ఆ 'చెడ్డ' ఒంటెనే కొట్టాడు. చూసేవాళ్లకు వింతగా తోచింది. కానీ ఆ ఒంటె ఎంత చెడ్డదైనా నల్లవాళ్ల బలహీనమైన బంట్లను అంటిపెట్టుకుని కాపాడుతోంది. అది పోగానే ఏనుగులు సి వరుసలోంచి లోపలికి చొరబడ్డాయి. ముప్పై నాలుగో ఎత్తుకు పెట్రోసియన్ చేతులెత్తేశాడు. బల్ల మీద ఉన్న పావు కంటే, అది పోయాక మిగిలే బల్లను చూడాలన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

చెడ్డ ఒంటె మీద గుర్రం గెలుపు చూడాలంటే 1984లో మాస్కోలో జరిగిన కార్పోవ్, కాస్పరోవ్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ తొమ్మిదో ఆట దగ్గరికి పోవాలి. ఎండ్‌గేమ్‌లో, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశలో, తెల్లపావుల కార్పోవ్ దగ్గర గుర్రం, నల్లపావుల కాస్పరోవ్ దగ్గర తెల్ల గళ్ల ఒంటె. నల్ల బంట్లలో ముఖ్యమైనవి డి5, బి5, ఏ6. మూడూ తెల్ల గళ్లే, అంటే సొంత ఒంటెకే అడ్డం. అయినా తెల్ల రాజు లోపలికి పోవడానికి దారి లేదు, ఆట డ్రా అయ్యేలా ఉంది. అప్పుడు కాస్పరోవ్ హెచ్4లో ఒక బంటును కొట్టాడు. తిరిగి కొట్టడం ఎవరైనా ఆలోచించకుండా ఆడే ఎత్తు. కార్పోవ్ కొట్టలేదు. నలభై ఏడో ఎత్తులో గుర్రాన్ని జి2కు వెనక్కి లాగాడు. నల్ల బంటు జి3ని కూడా కొట్టి చెక్ ఇచ్చింది, దాన్ని రాజుతో తీసుకున్నాడు. గుర్రం ఎఫ్4కు దూకి చెక్ ఇచ్చి, తర్వాత హెచ్5 బంటును తినేసింది. తన బంటుతో తిరిగి కొట్టి ఉంటే ఆ బంటే రాజుకు దారి మూసేది. దాన్ని వదిలేయడంతో రాజుకు బాట పడింది. ఒంటె మాత్రం తన బంట్ల వెనకాల ఉండి చూస్తూ ఉండిపోయింది. వెనక్కి వేసిన ఒక అడుగు ఆట గెలిపించిన సందర్భాల్లో దీనికి పెద్దపీట వేయాలి.

గుర్రానికి కావాల్సింది దారి కాదు, నిలబడే చోటు. బంటు దన్ను ఉండి, ప్రత్యర్థి బంటు వచ్చి తరిమే వీలు లేని గడి దొరికితే అది కదలకుండానే ఆట శాసిస్తుంది. 1985 ప్రపంచ చాంపియన్‌షిప్ పదహారో ఆటలో కాస్పరోవ్ నల్లపావులతో పదహారో ఎత్తుకే గుర్రాన్ని డి3లో దింపాడు. అక్కడి నుంచి అది సి1, ఇ1, బి2, ఎఫ్2, బి4, ఎఫ్4, సి5, ఇ5 గళ్లను పట్టుకుంది. వీటిలో నాలుగు తెల్లవాళ్ల మొదటి రెండు వరసల్లోవే. కార్పోవ్ ఏనుగులకు నిలబడే చోటు లేదు, గుర్రాలకు కదిలే వీలు లేదు. తన ఇంట్లోనే తను ఇరుక్కుపోయి చివరికి నలభయ్యో ఎత్తులో ఓడిపోయాడు. ఆ చోట ఒంటె ఉండి ఉంటే ఇంత ఒత్తిడి వచ్చేది కాదు. దాని ఐమూల దారుల్లో ఏదో ఒక పావు అడ్డం వేసి ఊపిరి పీల్చుకునేవాళ్లు. గుర్రం దాడికి అడ్డం వేయడమనేది కుదరదు.

అయితే ఒకే ఒంటె వేరు, జంట ఒంటెలు వేరు. రెండూ ఉంటే రంగు లోటు పూర్తిగా పోతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదటి ప్రపంచ చాంపియన్ స్టెయినిట్జ్ దీన్ని పద్ధతిగా ఆడి చూపించాడు: బంట్లను మెల్లగా ముందుకు తోసి, గుర్రాల నిలబడే చోట్లు ఒక్కొక్కటే లాగేసుకుని, చివర్లో దారులు తెరవడం. అదే కాలంలో రష్యన్ ఆటగాడు చిగోరిన్ దీనికి ఒప్పుకోలేదు. ఒంటెనిచ్చి గుర్రాన్ని ఉంచుకోవడానికి ఏమాత్రం వెనకాడని ఆటగాడాయన. ఆయన పేరుతో ఉన్న డిఫెన్స్ ఇప్పటికీ ఆ ధోరణిలోనే ఉంటుంది. 1889, 1892లలో హవానాలో ఇద్దరూ ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు, రెండుసార్లూ స్టెయినిట్జే గెలిచాడు. అంతమాత్రాన చిగోరిన్ ఆలోచన తప్పని తీర్పు చెప్పడం న్యాయం కాదు. బంట్లు బిగుసుకున్న ఆటల్లో ఆయన చెప్పిందే ఈనాటికీ నిలుస్తోంది.

తర్వాతి కాలంలో ఈ వాదన లెక్కల దాకా పోయింది. 1999లో లారీ కాఫ్‌మన్ అనే అమెరికన్ ఆటగాడు పెద్ద సంఖ్యలో ఆటల డేటాబేస్ తీసుకుని పావుల విలువ లెక్కగట్టాడు. విడిగా చూస్తే ఒంటె, గుర్రం సమానమేనని తేలింది, రెండింటికీ 3.25. కానీ రెండు ఒంటెలూ ఉన్నవాడికి అదనంగా అర బంటు విలువ కలపాలని తేల్చాడు. ఇంకో చక్కటి సంగతి కూడా చెప్పాడు: సొంత బంట్లు ఐదు కంటే ఎక్కువ ఉంటే, ఎక్కువున్న ఒక్కో బంటుకూ గుర్రం విలువ బంటులో పదహారో వంతు పెరుగుతుంది, తగ్గితే అంతే తగ్గుతుంది. బల్ల నిండుగా ఉంటే గుర్రం, ఖాళీ అయ్యే కొద్దీ ఒంటె. 2020లో ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఆడిన ఆటల నుంచి తీసిన లెక్కలో గుర్రం 3.05, ఒంటె 3.33గా వచ్చాయి. పిల్లలు ఈ దశాంశాలు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. జంటను విడగొడితే అర బంటు పోయినట్టేనని గుర్తుంటే చాలు. ఒక్క బంటు పోతేనే టెన్షన్ పడే పిల్లలు అర బంటును మాత్రం నవ్వుతూ ఇచ్చేస్తున్నారు.

ఎలా ఇచ్చేస్తున్నారో దగ్గరగా చూద్దాం. జిల్లా స్థాయి ఆటల్లో కనీసం అందరూ ఒక్కసారైనా ఆడేది ఇటాలియన్ ఓపెనింగ్. తెల్లవాళ్లు ఒంటెను జి5కు తెచ్చి ఎఫ్6 గుర్రాన్ని మంత్రికి పిన్ చేస్తారు, అంటే గుర్రం కదిలితే వెనకున్న మంత్రి దెబ్బ తినేలా కట్టేస్తారు. నల్లవాళ్లు హెచ్6 బంటుతో అడుగుతారు: ఉంటావా, పోతావా? హెచ్4కు వెనక్కి పోవచ్చు. అలా పోకుండా టక్కున గుర్రాన్ని కొట్టేస్తారు. నల్ల మంత్రి ఎఫ్6కు వచ్చి కొడుతుంది. ఇప్పుడు చూడండి. నల్లవాళ్ల బంట్లు చెదరలేదు. మంత్రి ఒక ఎత్తు ఖర్చు లేకుండా మంచి గడికి వచ్చి కూర్చుంది. రెండు ఒంటెలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. తెల్లవాళ్లకు దక్కిందేమిటి? పిన్ చేసిన సంబరం ఒక్కటే.

అదే పనిని పద్ధతిగా చేస్తే దాని లెక్కే వేరు. నింజో ఇండియన్ అనే ఓపెనింగ్‌లో నల్లవాళ్లు ఒంటెను బి4కు పంపి సి3 గుర్రాన్ని కొడతారు. తిరిగి కొట్టే తెల్ల బంటు సి వరుసలోకి వచ్చి రెండు బంట్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. ఒంటెనిచ్చినందుకు శాశ్వతమైన బలహీనత బదులుగా దక్కింది. ఆ తర్వాత నల్లవాళ్లు కావాలనే బంట్లను బిగించేస్తారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్ల దగ్గర గుర్రాలున్నాయి. రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లో సి6 గుర్రాన్ని కొట్టే ఎక్స్‌చేంజ్ వేరియేషన్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఫిషర్ 1966 హవానా ఒలింపియాడ్‌లో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. ఒంటెనిచ్చినప్పుడు బదులుగా బంట్ల నడుము విరగాలి. విరగకపోతే ఆ మార్పిడి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక ర్యాపిడ్ సంగతి. ఇక్కడి పిల్లలు ఎక్కువగా ఆడేది ఒక్కరోజు ర్యాపిడ్ ఆటలే, ఏ ఫంక్షన్ హాల్లోనో స్కూల్లోనో పొద్దున మొదలై సాయంత్రానికి అయిపోతాయి. ఇలాంటి చోట గుర్రానికి పుస్తకంలో రాసినదానికంటే కాస్త ఎక్కువే విలువ ఇవ్వాలి. ఒంటె దాడి కంటికి ఆనుతుంది, గీత గీసినట్టు కనిపిస్తుంది. గుర్రం దూకే గడిని మనసులో కట్టుకోవాలి. గడియారం తరుముతుంటే మొదట చూపు తప్పేది అక్కడే. బి5 నుంచి సి7కు దూకి ఇ8 రాజుకు చెక్, ఏ8 ఏనుగు మీద కన్ను వేసే ఫోర్క్‌తో ఎన్ని ఆటలు ముగుస్తాయో, ఏ టోర్నమెంట్‌లో కొంచెంసేపు తిరిగినా తెలుస్తుంది. అయితే దీనికీ ఒక చిక్కుంది. ఏ8లో ఏనుగును తిన్న గుర్రం మూలన పడింది. దానికి బయటికి దారులు రెండే, బి6, సి7. ఆ రెండూ మూసేస్తే ఏనుగుకు బదులు గుర్రం పోతుంది, ఈలోపు తెల్లవాళ్ల రాజు మీద దాడి కూడా మొదలవుతుంది. తినడానికి ముందే వెనక్కి వచ్చే దారి చూసుకునే పిల్లలు తక్కువ.

ఇద్దరి దగ్గరా మంత్రులు మిగిలినప్పుడు కూడా గుర్రం తోడుగా బాగా పనికొస్తుందని పాత ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా కాలం నుంచీ ఒక అభిప్రాయం ఉంది. మంత్రికి ఐమూల నడక ముందే ఉంది కాబట్టి, తనకు లేని నడకను గుర్రం తెస్తుందని దాని తర్కం. డేటాబేస్‌లలో ఈ తేడా అంత పెద్దగా కనిపించలేదు, కానీ రాజు మీద దాడి చేసేటప్పుడు మాత్రం మంత్రి, గుర్రం కలిస్తే కాచుకోవడం నిజంగానే కష్టం. ఏనుగులు మిగిలితే సాధారణంగా ఒంటె తోడే మేలు.

ఎండ్‌గేమ్‌లో తేడా స్పష్టంగా బయటపడుతుంది. బంట్లు బల్లకు రెండు వైపులా ఉంటే ఒంటె ఒక్క గడి నుంచే రెండు వైపులా కాపలా కాస్తుంది. గుర్రం ఈ వైపు నుంచి ఆ వైపుకు పోయేసరికి ఎత్తులన్నీ కరిగిపోతాయి. బంట్లన్నీ ఒకే వైపు ఉంటే ఒంటె దూరం నడక దండగ, రెండు రంగులూ తొక్కే గుర్రమే మెరుగు. గుర్రాన్ని ఒంటె ఎలా కట్టేస్తుందో చూడాలంటే బల్ల మీద రెండే పావులు పెట్టండి: ఏ5లో గుర్రం, డి5లో ప్రత్యర్థి ఒంటె. గుర్రానికి ఉన్న నాలుగు దారులు బి7, సి6, సి4, బి3. నాలుగూ ఆ ఒంటె ఐమూలల మీదే ఉన్నాయి. అంచు మీది గుర్రానికి ఎదురుగా, నేరుగా మూడో గడిలో ఒంటెను నిలబెడితే అది జైలే. ఇక రాజు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి దాన్ని తినేయొచ్చు. గుర్రాన్ని అంచుకు పంపొద్దని కోచ్‌లు ఎందుకు అరుస్తారో చెప్పడానికి ఈ ఒక్క బొమ్మ చాలు.

గుర్రానికి ఇంకో పెద్ద ఇబ్బంది, ఎత్తు వంతు అవతలివాళ్లకు పోయేలా కావాలని ఒక ఎత్తు వృథా చేయడం దానికి చేతకాదు. ఎత్తు ఎత్తుకూ రంగు మారుతుంది కాబట్టి, ఎంత తిరిగొచ్చినా లెక్క సరి-బేసి మారదు. తెల్ల రాజు ఏ8లో, తెల్ల బంటు ఏ7లో ఉంది. నల్ల రాజు సి7, సి8 మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెల్ల రాజును బయటికి రానివ్వదు. తెల్లవాళ్ల దగ్గర ఒక గుర్రం కూడా ఉంది. ఎత్తు తెల్లవాళ్లదై, ఆ క్షణాన గుర్రం, నల్ల రాజు ఒకే రంగు గళ్లలో ఉంటే ఆట డ్రా. గుర్రాన్ని బల్లంతా తిప్పినా సరే, సరైన సమయానికి సరైన గడిలో ఉండదు. అదే చోట ఒంటె ఉంటే ఒక గడి అటు జరిగి, నల్ల రాజును దారి తప్పుకోమంటుంది. ఆట గెలుపు.

ఒంటె ఎండ్‌గేమ్‌లో గుర్రాన్ని ఊపిరాడకుండా చేయడం నేర్చుకోవాలంటే 1971లో వాంకూవర్‌లో ఫిషర్, తైమనోవ్‌ల మ్యాచ్ నాలుగో ఆటకు మించిన పాఠం లేదు. తెల్లపావుల ఫిషర్ దగ్గర తెల్ల గళ్ల ఒంటె, తైమనోవ్ దగ్గర గుర్రం. నల్ల బంట్లు కుడి వైపున ఎఫ్5, జి6, హెచ్5. మూడూ తెల్ల గళ్లే, అంటే ఒంటె నోటి ముందున్న మేతే. జి6ను కాపాడటానికి గుర్రం ఇ7లో కట్టుబడిపోయింది. ఎడమ వైపు నుంచి తెల్ల రాజు లోపలికి నడిచాడు. ఫిషర్ ఒంటెను ఇ8లో పెట్టేసరికి నల్లవాళ్లకు ఏది కదిపినా నష్టమే అన్న స్థితి. నల్ల రాజు డి8కు జరిగాడు. వెంటనే ఫిషర్ ఒంటెతో జి6 బంటును కొట్టి, ఒంటెనే ఇచ్చేశాడు. గుర్రం దాన్ని తిన్నాక తెల్ల రాజు బి6, సి5 బంట్లను తిని, ఏ, బి బంట్లను జంటగా ముందుకు నడిపించాడు. దూరంగా పడిపోయిన గుర్రానికి ఆ రెండింటినీ ఆపే తాహతు లేదు. డెబ్భై ఒకటో ఎత్తులో ఆట ముగిసింది. ఒంటెను అంత గొప్పగా ఆడించినవాడే చివర్లో దాన్ని వదులుకోవడం ఈ ఆటలో అన్నిటికంటే అందమైన సంగతి.

ఒంటెకు ఇంత బలం ఉన్నా, తన రంగు కాని గడి దగ్గర చేతులు కట్టేసినట్టే. హెచ్ బంటు మంత్రి కావాల్సింది హెచ్8లో, అది నల్ల గడి. తెల్లవాళ్ల దగ్గర తెల్ల గళ్ల ఒంటె ఉండి, నల్ల రాజు హెచ్8లో చేరిపోతే, ఒంటె, బంటు రెండూ అదనంగా ఉన్నా ఆట డ్రా. టోర్నమెంట్‌లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఓడిపోయే ఆటను అరగంట లాగి అర పాయింట్ పట్టుకుపోతారు. ఇక బంట్లన్నీ పోయి పావులే మిగిలితే: రెండు ఒంటెలతో ఆటకట్టు చేయొచ్చు. ఒంటె, గుర్రంతో కూడా చేయొచ్చు, కానీ ఒంటె రంగు మూలకే రాజును తరమాలి. ఎంత కష్టమైన స్థితి నుంచైనా ముప్పై మూడు ఎత్తుల్లో అవుతుంది. రెండు గుర్రాలతో మాత్రం ఒంటరి రాజుకు బలవంతంగా ఆటకట్టు చేయలేం.

మూల అనగానే 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగింది గుర్తుకొస్తుంది. గుకేశ్, డింగ్ లిరెన్‌ల ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట, చెరో ఏనుగు, చెరో తెల్ల గళ్ల ఒంటె. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, అయినా డ్రా అయ్యే ఆటే. డింగ్ ఒంటె ఏ8 మూలలో ఉంది. మూలలో ఉన్నా ఒంటెకు ఏడు గళ్లు అందుతాయన్నది పైన చూశాం, కానీ ఆ ఏడూ ఒకే గీత మీద ఉంటాయన్నది ఇక్కడ తేలింది. యాభై ఐదో ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చేసి, ఒంటెను డి5లో నిలబెట్టాడు. ఏ8 ఒంటెకు తప్పుకునే గీత ఇంకొకటి లేదు. బల్ల మధ్యలో ఎక్కడున్నా ఇంకో గీత పట్టుకుని తప్పుకునేది. ఒంటెలు మారిపోయాయి, మిగిలింది రాజులు, బంట్లు. మూడు ఎత్తుల్లో డింగ్ చేయి కలిపాడు. 7.5-6.5తో గుకేశ్ ప్రపంచ చాంపియన్. పైకి సమానంగా కనిపించిన రెండు ఒంటెల్లో ఒకటి మూలన ఉండటమే తేడా.

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ లాంటి చోట్ల రోజూ పాఠం చెప్పే కోచ్ దొరకడం కష్టం. ఇద్దరు పిల్లలు, ఒక బల్ల ఉంటే ఈ విషయం చేతికి అలవాటు చేసుకోవచ్చు. మొదట బల్ల మధ్యలో బంట్లు లేకుండా పెట్టాలి: ఇద్దరికీ ఏ, బి, ఎఫ్, జి, హెచ్ వరసల్లో బంట్లు మొదటి చోటుల్లోనే, జి1, జి8లో రాజులు, ఒకరికి ఒంటె, ఇంకొకరికి గుర్రం. ఆడి, వైపులు మార్చుకుని మళ్లీ ఆడాలి. తర్వాత అదే బల్ల మీద డి4, ఇ5లో తెల్ల బంట్లు, డి5, ఇ6లో నల్ల బంట్లు అదనంగా పెట్టి, నల్లవాళ్లకు డి7లో ఒంటె, తెల్లవాళ్లకు గుర్రం ఇవ్వాలి. మళ్లీ వైపులు మార్చుకుని ఆడాలి. ఆ తర్వాత ఫోన్‌లో ఏదైనా ఉచిత చెస్ యాప్‌లో అదే స్థితి పెట్టి కంప్యూటర్‌తో ఆడి, తను ఏ ఎత్తు దగ్గర దారి తప్పిందీ పోల్చి చూసుకోవచ్చు. నాలుగు ఆటలు పూర్తయ్యేసరికి, ఏ బల్ల మీద ఒంటె కావాలనిపిస్తుందో, ఏ బల్ల మీద గుర్రం కావాలనిపిస్తుందో పిల్లలే చెబుతారు.